పావు తేడా

వేసిన గడియను మళ్ళీ వెళ్ళి లాగి చూడకపోతే ఆమెకు నిద్ర పట్టదు. చిన్నప్పుడు పుట్టింట్లో అందరూ "గడియమ్మ" అని ఏడిపించేవారు. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి తెలిసి మొగుడు పడీపడీ నవ్వాడు. "మనింటికి దొంగ వచ్చినా, నువ్వు గడియలు చూసుకోవడం అయ్యేదాకా సందులో కాచుకుని కాచుకుని, విసుగెత్తి వెళ్ళిపోతాడు" అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ ఆ గడియ జబ్బే తర్వాత ఆమెకు కూడు పెట్టింది.

నాన్న పనిచేసే మిల్లు మూతపడినప్పుడు ఆమె డిగ్రీ చదువు సగంలో ఆగిపోయింది. ఒక దర్జీ షాపు మేడ మీద వెబ్ పేజీలు రాయడం నేర్పే చిన్న సెంటర్ ఉండేది. కింద మిషన్లు టకటకలాడుతుంటే పైన ఆమె కీబోర్డు టకటకలాడేది. తోటివాళ్ళంతా రంగులు, బొమ్మలు, జారే మెనూలు నేర్చుకోవడానికి ఎగబడ్డారు. ఆమె కన్ను మాత్రం పేజీలో మనుషులు నింపే బాక్సుల మీద పడింది. వయసు అడిగిన చోట ఎవడైనా మూడొందలు అని కొడితే? ఫోన్ నంబరు అడిగిన చోట పెళ్ళాం పేరు కొడితే?

"అలా ఎవడు కొడతాడమ్మా?" అని మాస్టారు చిరాకుపడ్డాడు.

"కొడతారు సార్" అంది ఆమె నెమ్మదిగా. "మనిషన్నాక ఏదైనా కొడతాడు."

ఇప్పుడామె కళ్ళజోళ్ళ అద్దాలు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేస్తోంది. కంటి డాక్టరు రాసిచ్చిన చీటీలను కళ్ళజోళ్ళ షాపుల వాళ్ళు ఇక్కడికి పంపుతారు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు. ఆ చీటీల్లోని అంకెలను అక్కడ కూర్చుని పేజీలోకి ఎక్కించాలి. వెనక, ప్లాస్టిక్ పట్టీల తెర అవతల, సాన మిషన్లు. పేజీలో ఏ అంకె పడితే ఆ అంకెకు అవి అద్దాన్ని అరగదీస్తాయి. నీళ్ళలో కలిసిన అద్దం పొడి గచ్చు మీద ఎప్పుడూ పలచటి సున్నంలా పారుతుంటుంది. దాన్ని తొక్కుకుంటూ, కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని తిరిగే పెద్దాయనను అందరూ సాన మావయ్య అంటారు. ఆ పేజీని మొదటినుంచి చివరిదాకా రాసింది ఆమే.

అంకె కొట్టే బాక్సంటే చూసేవాళ్ళకు నాలుగు గీతలు. ఆమెకది వీధి గుమ్మం. సున్నాకు బదులు "ఓ" అనే ఇంగ్లీషు అక్షరం కొట్టేవాళ్ళుంటారు. చుక్క పెట్టాల్సిన చోట కామా పెట్టేవాళ్ళుంటారు. ఫోన్ మెసేజీలోంచి కాపీ చేసి, అంకెతో పాటు పక్కనున్న పదాన్ని కూడా తెచ్చి పడేసేవాళ్ళుంటారు. అంకెలు మాత్రమే పట్టే రకం బాక్సు పెట్టినా, "ఈ" అనే ఇంగ్లీషు అక్షరాన్ని అది దర్జాగా లోపలికి రానిస్తుంది. పెద్ద పెద్ద లెక్కల్లో ఆ అక్షరం కూడా అంకెల చుట్టమేనట. వీటన్నిటికంటే మోసకారిది ఖాళీ బాక్సు. ఏమీ కొట్టకపోతే కంప్యూటరు దాన్ని సున్నా అనుకుంటుంది. కంటి విషయంలో సున్నా అంటే ఆ కంటికి సైటు లేదని. ఖాళీ అంటే ఇంకా ఎవరూ చెప్పలేదని. ఈ రెండింటికీ తేడా తెలియని మొదటి రోజుల్లో ఎవరికో పాపం కుడి పక్కన వట్టి గాజు బిగించి పంపారు. ఆ దెబ్బతో ఆమె గడియలు వేయడం మొదలుపెట్టింది. ప్లస్సో మైనస్సో చేత్తో కొట్టే పనే లేకుండా రెండు బటన్లు పెట్టింది. పవర్ పావు పావు చొప్పున తప్ప పెరగకూడదు, తగ్గకూడదు. సున్నాకంటే కిందికి పోకూడదు, మితిమీరి పైకి పోకూడదు. ఖాళీగా వదిలితే పేజీ కదలకూడదు. అంకె కొట్టే దగ్గర ఒకసారి, సర్వర్‌కు చేరాక మళ్ళీ ఒకసారి పరీక్ష.

"వీధి గుమ్మానికో గడియ, పెరటి గుమ్మానికో గడియ" అని మొగుడికి గర్వంగా చెప్పింది.

మొగుడు లిఫ్ట్ మెకానిక్. "మరి కిటికీ?" అన్నాడు ఊరికే, షూ లేసు విప్పుకుంటూ.

ఆమె నవ్వలేదు. మర్నాడు వెళ్ళి నిజంగానే ఇంకో పరీక్ష చేర్చింది.

అంతవరకూ వర్క్‌షాపులో ఆమెను కంప్యూటరమ్మ అనేవారు. చీటీలు ఎక్కువయ్యేసరికి అంకెలు కొట్టడానికి ఇంకో మనిషి కావలసి వచ్చింది. ఆమె తన ఆడపడుచును తెచ్చి కూర్చోబెట్టింది. ఆడపడుచు పొద్దున్నించి సాయంత్రం దాకా "వదినా, వదినా" అని పిలిచేసరికి వారం తిరక్కుండానే అందరికీ ఆమె వదిన అయిపోయింది. తండ్రి వయసున్న సాన మావయ్యకు కూడా వదినమ్మే. ఓనరుకైతే "వదినగారు". ఆ "గారు" ఉన్నప్పుడల్లా ఏదో ముంచుకొస్తోందని లెక్క.

ఆడపడుచును ఇంట్లో సూది అంటారు. సన్నగా ఉంటుందని ఆ పేరు పెట్టారు గానీ, మాట మొదలుపెట్టాక పేరు దానంతటదే అతికింది. బట్టల షాపులో కౌంటరు ఉద్యోగం చేస్తూ, "ఈ రంగు నాకు నప్పుతుందా?" అని అడిగిన ఒకావిడకు నిజం చెప్పి ఇంటికొచ్చింది. బడి ఆఫీసులో చేస్తూ, కుర్చీలో కునుకు తీస్తున్న పెద్ద మేడమ్‌ను ఇన్‌స్పెక్టరు ముందే తట్టి లేపి ఇంటికొచ్చింది. ఇది కూడా పోతే పెద్దన్నయ్య దగ్గరికి పంపేయాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. పెద్దన్నయ్యకు కవలలు. ఇద్దరూ గోడలెక్కే వయసు.

"అక్కడ జీతం లేని ఆయా ఉద్యోగం నాకోసం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది వదినా" అంది సూది మొదటి రోజే, కుర్చీ ఎత్తు సరిచేసుకుంటూ. "అందుకే ఈసారి నోటికి తాళం. చీటీ చూడటం, కొట్టడం. అంతే."

ఆ మాట నిలబెట్టుకుంది కూడా. నెల తిరిగితే పర్మనెంటు చేస్తానని ఓనరు అన్నాడు. పర్మనెంటయితే పనిచేసే ఆడవాళ్ళ హాస్టల్లో కిటికీ ఉన్న గది తీసుకుంటానని సూది అప్పుడే చూసి పెట్టుకుంది. హాల్లో సోఫా మీద పడుకునే మనిషికి కిటికీ అంటే ఎంతో వదినకు తెలుసు.

నెల సగం కాకముందే ఓనరు ఒక అద్దాల ట్రే పట్టుకుని ముందు గదిలోకి వచ్చాడు.

"వదినగారూ, మీ ఆడపడుచుకు ఎడమ కన్నంటే ఏమైనా పగా?"

వదిన లేచి నిలబడింది. ఒక షాపు నుంచి కళ్ళజోడు వెనక్కి వచ్చింది. కుడి అద్దం సరిగ్గానే ఉంది. ఎడమ అద్దం పావు తక్కువ. చీటీలో ఒకటిన్నర. పేజీలో ఒకటింపావు.

"నేను ఒకటిన్నరే కొట్టాను" అంది సూది.

"పేజీలో మరి?"

"అదే నాకూ అర్థం కావట్లేదు సార్."

ఒకసారంటే పొరపాటు అనుకోవచ్చు. తర్వాత ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత ఒకటి ఏకంగా అర తక్కువ. ఎప్పుడూ ఎడమ కన్నే. ఎప్పుడూ తక్కువే. సూది రాకముందు చీటీలు కొట్టింది వదినే. అప్పుడు ఇలాంటిది ఒక్కటీ రాలేదు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు గానీ, అద్దం పొడిలా గదంతా అదే పరుచుకుంది.

సాన మావయ్య తెర పక్కకు తప్పించి తల బయటికి పెట్టాడు. "నా మిషన్ల జోలికి మాత్రం రాకండమ్మా. పేజీ ఏది చెబితే అది అరగదీస్తాయి. నూట ఇరవై అని చెప్పు, అదీ అరగదీస్తాయి. అద్దం మిగలదు, అంతే." పనిలో పనిగా తన గోడు కూడా కలిపాడు. "నువ్వు రాసిచ్చిన ఆ స్టాకు పేజీలో నేను లెక్క ఎక్కిస్తున్నా కదా, దాని సంగతి కూడా కాస్త చూడు వదినమ్మా. అరలో అద్దాలు ఒకటి చెబుతాయి, పేజీ ఇంకోటి చెబుతుంది. ఏడాదిగా మొత్తుకుంటున్నా."

"మీరు సరిగ్గా లెక్కపెట్టండి మావయ్యా, అది సరిగ్గానే చెబుతుంది" అంది వదిన, తల తిప్పకుండానే.

ఆమె తన పేజీని ముందేసుకుని కూర్చుంది. ఒకటింపావు అంకేనా? అంకే. పావు పావు లెక్కలో ఉందా? ఉంది. సున్నాకు పైన ఉందా? ఉంది. ఖాళీ కాదు, అక్షరం కాదు, కామా లేదు. గడియలన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. దొంగ మాత్రం లోపల కూర్చుని కాళ్ళూపుతున్నాడు. చెడ్డ అంకెను పట్టుకోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఇది చెడ్డ అంకె కాదు. చూడ్డానికి అన్ని విధాలా బుద్ధిమంతురాలైన అంకె. ఉండాల్సిన ఇంట్లో లేదు, అంతే. దీన్ని ఎక్కడని ఆపాలి?

తన కంప్యూటరు మీద తనే పాత చీటీలు తీసి కొట్టింది. చకచకా ఒక బాక్సులోంచి ఇంకో బాక్సులోకి ట్యాబ్ కీ నొక్కుకుంటూ, చివర ఎంటర్ కొట్టి పంపేసింది. కొట్టినవి కొట్టినట్టే చేరాయి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ చేరాయి. కావాలని తప్పులు కొట్టింది. పేజీ ఎర్రగా కళ్ళురిమి ఆపింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. తప్పు దొరక్కపోతే మనిషి సంతోషించాలి గదా! దొరకని తప్పంత చీదర ఇంకోటి లేదు.

సూది తన బల్ల దగ్గరినుంచి పిలిచింది. "వదినా, ఈ మౌస్ మధ్యమధ్యలో మొరాయిస్తోంది. పేజీ కిందికి రమ్మంటే రాదు. కాస్త పక్కకి జరిపితే వస్తుంది. వేరేది ఇప్పించవా?"

"ఆడలేక మద్దెల ఓడందట" అంది వదిన, పళ్ళు బిగించి. "అక్కడ అద్దాలు పాడైపోతుంటే నీకు మౌస్ గొడవేంటి? బల్ల తుడుచుకో, అదే నడుస్తుంది."

సూది బల్ల తుడిచింది. తుడుస్తూ, "మద్దెల ఓడో కాదో వాయించేవాళ్ళకు తెలుస్తుంది" అని గొణిగింది. వదినకు వినపడింది.

వదిన ఇంకో గడియ వేసింది. చీటీ పంపబోయే ముందు "ఇవే కదా?" అని అడిగే చిన్న కిటికీ. రోజంతా ఒకే ప్రశ్న అడిగితే ఎవరి వేలయినా దానంతటదే అవునంటుంది. సూది వేలూ అవునంది. ఇంకో కళ్ళజోడు తిరిగొచ్చింది.

ఈసారి ఓనరు కేకలు వేయలేదు. కేకలు వేస్తేనే నయం. స్టూలు లాక్కుని కూర్చుని, మెత్తగా మాట్లాడాడు. "చూడండి వదినగారూ. శనివారం దాకా చూస్తాను. మా బామ్మర్ది కూతురు ఖాళీగానే ఉంది. టైపింగ్ నేర్చుకుంది. మీ మీద గౌరవం కొద్దీ ఇన్నాళ్ళు ఆగాను." సూది అక్కడే ఉంది. ఆమె గదిలో లేనట్టే మాట్లాడాడు.

వదినకు ఇక ఒక్కటే దారి తోచింది. ప్రతి అంకెనూ రెండుసార్లు కొట్టించడం. పవర్ బాక్సు కింద ఇంకో బాక్సు, "మళ్ళీ కొట్టండి" అని. రెండూ కలిస్తేనే చీటీ వెళుతుంది. పై బాక్సులోది కాపీ చేసి కింద పెట్టే వీలు కూడా లేకుండా చేసింది. పని రెట్టింపవుతుందని తెలుసు. అయినా ఇంత చేశాక ఇక తప్పు అద్దం దాకా పోదు, సూదికి మాట రాదు అనుకుంది.

తప్పు అద్దం దాకా పోలేదు. సూది నెత్తి మీదే వాలింది.

"రెండు అంకెలూ ఒకటి కాదు" అని పేజీ ఎర్రటి గీత చూపించింది. సూది చూసుకుంది. పైన రెండు. కింద ఒకటి ముప్పావు. చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఎర్ర గీత. ఇంకో చీటీకి రాలేదు. ఆ తర్వాతి దానికి వచ్చింది. ఓనరు టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి చూస్తున్నాడు. టీ చల్లారేదాకా నిలబడ్డాడు.

"ఇంకేం కావాలమ్మా సాక్ష్యం?" అన్నాడు వదినతో. "నేననట్లేదు. మీరు రాసిన పేజీయే చెబుతోంది. ఈ అమ్మాయికి ఒకే అంకెను రెండుసార్లు ఒకేలా కొట్టడం చేతకాదు."

వదిన తెర మీది ఎర్ర గీత వైపే చూసింది. రక్షించడానికి పెట్టిన కాపలావాడే వెళ్ళి ఫిర్యాదు చేసినట్టయింది. అన్నిటికంటే కష్టమేమిటంటే, లోపల ఎక్కడో ఆమెకూ ఓనరు మాటే నిజమనిపించింది. పేజీ అబద్ధం చెప్పదు. ఆ పేజీని రాసింది తను.

ఆ సాయంత్రం ఇంట్లో సూది మాట్లాడకుండా తింది. ఆ ఇంట్లో సూది మాట్లాడకపోతే గోడ గడియారం ఆగిపోయినట్టే. కంచం కడిగి వచ్చాక తనే చెప్పింది. "మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళి కళ్ళు చూపించుకున్నాను. బాగానే ఉన్నాయట. వేళ్ళు చూసే డాక్టరెవరైనా ఉంటే చెప్పు వదినా."

"ఒసేయ్, ఏంటా మాటలు?" అన్నాడు అన్న.

"నిజమే అన్నయ్యా. నేను రెండు అనే కొట్టాను. కొట్టడం నాకు గుర్తుంది. చూస్తే ఒకటి ముప్పావు. నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నాను."

అన్న పెళ్ళాం వైపు తిరిగాడు. "నీ పేజీలోనే ఏదైనా..."

"నా పేజీని అనకండి" అంది వదిన, కోపం తన్నుకొచ్చి. "నాలుగు వైపుల నుంచీ చూశాను. అందులో ఏం లేదు."

"అంటే మా చెల్లెల్నే అనాలన్నమాట."

కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. వదిన వీధి తలుపు వైపు నడిచింది.

"గడియ వేశాను వదినా" అంది సూది.

వదిన వెళ్ళి లాగి చూసింది. వేసే ఉంది. వెనకనుంచి సూది గొంతు, కోపం లేకుండా, చాలా మామూలుగా వచ్చింది. "తెలుసు. నేను వేశానంటే నువ్వు చూస్తావు."

శనివారం పొద్దున వర్క్‌షాపులోకి ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచొచ్చారు, పక్కపక్కన కాదు. వదిన ఇంకో కుర్చీ లాక్కుని సూది పక్కన కూర్చుంది. "ఇవాళ నువ్వు చదువు, నేను కొడతాను" అంది. ఎలాగోలా ఈ రోజు గడిపేస్తే ఓనరు మెత్తబడతాడేమోనని ఆశ.

సూది చదివింది, వదిన కొట్టింది. ఒక్క ఎర్ర గీత రాలేదు. చీటీ తర్వాత చీటీ నున్నగా జారిపోయింది. ఓనరు తన అద్దాల గదిలోంచి చూసి తలాడించాడు. ఆ తలాడింపు చూశాక వదినకు తెలిసింది, తను సూదికి సాయం చేయట్లేదు, ఉరి బిగిస్తోందని. వదిన కొడితే తప్పు రాదు, సూది కొడితే వస్తుంది. ఇంకేం కావాలి?

"లే వదినా" అంది సూది. "నా కుర్చీ నాకివ్వు. పోతే నా చేత్తోనే పోనీ."

కుర్చీలు మార్చుకున్నారు. ఇప్పుడు చీటీ వదిన చేతిలో ఉంది. చదివేసిన తర్వాత ఆమెకు చేయడానికి ఏ పనీ లేదు. రోజూ పేజీని చూసే కళ్ళు, ఊరికే ఉండలేక, పక్కనున్న చేతిని చూశాయి.

"ఎడమ కన్ను, మైనస్, రెండున్నర" అని చదివింది.

సూది మౌస్ పట్టుకుని బాక్సు మీద నొక్కింది. ట్యాబ్ కీ ఆమెకు అలవాటు లేదు. ప్రతి బాక్సునూ మౌస్‌తోనే నొక్కుతుంది. రెండున్నర కొట్టింది. కింది బాక్సు మీద నొక్కింది. మళ్ళీ రెండున్నర కొట్టింది. వదిన కళ్ళారా చూసింది. రెండున్నరే. ఫ్రేమ్ వివరాలు నింపే భాగం పేజీ అడుగున ఉంటుంది. సూది చూపు ఫ్రేమ్ నంబరు కోసం వదిన చేతిలోని చీటీ మీదికి మళ్ళింది. చూపుడు వేలు మౌస్ మీది చక్రాన్ని కిందికి తిప్పింది.

పేజీ కదల్లేదు.

కింది బాక్సులో రెండున్నర రెండుంపావు అయింది.

"చూశావా, మళ్ళీ మొరాయించింది" అంది సూది చీటీ మీదినుంచి కన్ను తిప్పకుండానే. మౌస్‌ను కాస్త పక్కకు జరిపి మళ్ళీ తిప్పింది. ఈసారి పేజీ బుద్ధిగా కిందికి జారింది. మారిన అంకె పైకి వెళ్ళి కనపడకుండా పోయింది.

వదిన చేతిలో చీటీ నలిగిపోయింది.

అంకెలు మాత్రమే పట్టే ఆ బాక్సుకు ఒక గుణం ఉంది. దాని మీద మౌస్ పెట్టుకుని చక్రం తిప్పితే అది పేజీని కాదు, అంకెను తిప్పుతుంది. ఎంత చొప్పున తిప్పాలో వదినే చెప్పి పెట్టింది కదా, పావు పావు చొప్పున. సున్నా కిందికి పోవద్దనీ తనే చెప్పింది. చెప్పినట్టే విన్నది బాక్సు. అందుకే ప్రతిసారీ అంత మర్యాదగల తప్పు. కుడి కన్ను కొట్టాక చెయ్యి ఎడమ కన్నుకు వెళుతుంది కాబట్టి కుడి కన్ను బతికిపోయింది. ఎడమ కన్ను కొట్టాకే చక్రం తిరిగేది. ఇక తన కంప్యూటరు సంగతి. తన మౌస్ కంప్యూటరు తెర వెనక దుమ్ము పట్టి పడి ఉంది. తనకు అది అక్కర్లేదు. తను కొట్టినన్ని రోజులూ తప్పు ఎందుకు రాలేదో అదీ తెలిసింది. కంచే చేను మేసింది. మేస్తున్నంతసేపూ ఆమె చేను మీదే కోప్పడింది.

"ఏంటి వదినా, అలా అయిపోయావు?"

వదిన పేజీని పైకి జరిపి బాక్సు చూపించింది. చక్రాన్ని తిప్పమంది. సూది తిప్పింది. అంకె దిగింది. పైకి తిప్పింది. అంకె ఎక్కింది. సూది చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ చేతి వేళ్ళను రెండో చేత్తో పట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకుంది వదిన. ఏడవలేదు.

"మద్దెల ఓడే వదినా" అంది.

బాక్సును మార్చడానికి పెద్దగా పని కూడా పట్టలేదు. అదే వదినకు మరీ ఒళ్ళు మండించింది. అంకెల రకం బాక్సు తీసేసి మామూలు బాక్సు పెట్టి, పరీక్షలన్నీ తన చేత్తో రాసుకుంటే సరి. ఇన్నాళ్ళ నిద్ర, ఇన్ని అద్దాలు, ఈ పిల్ల ముఖం, అన్నిటికీ మందు అంత చిన్నది. మందు వేసే ముందు ఓనరును పిలిచి చూపించింది. చూపించకుండా సరిచేస్తే, సూది శనివారం భయానికి జాగ్రత్తపడిందని అంటాడు.

ఓనరు సూది కుర్చీలో కూర్చుని చక్రం తిప్పాడు. అంకె మారింది. కళ్ళు పెద్దవి చేశాడు. మళ్ళీ తిప్పాడు. రెండు, మూడు, నాలుగు. వెనక్కి. ముందుకి.

"భలే ఉందే!" అన్నాడు. "ఇది తీసేయడమెందుకు? కొట్టే పనే లేదు, తిప్పుకుంటే చాలు!"

"సార్, దీనివల్లే అద్దాలన్నీ..."

"అంటే మిషన్ తప్పు కాదు."

"కాదు సార్."

"ఈ అమ్మాయి తప్పు కాదు."

"కాదు."

"మరి ఎవరిది?"

సాన మావయ్య తెరలోంచి తల పెట్టి వింటున్నాడు. సూది తన గోళ్ళు చూసుకుంటోంది.

"నాదే సార్" అంది వదిన.

"అలా చెప్పండి" అన్నాడు ఓనరు, ఏదో పెద్ద చిక్కు తనే విప్పినట్టు. "ఇన్నాళ్ళు పాపం ఈ అమ్మాయిని అనుకున్నాం. మీరు కాస్త చూసి రాయాలి వదినగారూ, జాగ్రత్త తక్కువ మీకు." గడియమ్మకు జాగ్రత్త తక్కువట! ఓనరు లేస్తూ బామ్మర్ది కూతురిని రావద్దని ఫోన్ చేశాడు. వెళుతూ వెళుతూ సూది వైపు తిరిగి, "నెల కాగానే వచ్చి కాగితం తీసుకో" అన్నాడు. పర్మనెంటు అన్న మాట ఆయన నోట అలా, ఎవరికో టీ తెమ్మన్నంత తేలిగ్గా వచ్చింది.

మధ్యాహ్నం కొత్త బాక్సులు పెట్టడం అయింది. సూది చీటీలు కొట్టడం మొదలుపెట్టింది. వదిన తన బల్ల దగ్గరినుంచి చూస్తోంది. సూది ఎడమ కన్ను అంకె కొట్టి, మౌస్ మీదినుంచి చెయ్యి పూర్తిగా తీసి, ఒళ్ళో పెట్టుకుంది. తెర మీది అంకెనూ చీటీ మీది అంకెనూ మార్చి మార్చి చూసింది. అప్పుడు, అగ్గి ముట్టుకున్నట్టు, మౌస్‌ను బాక్సు మీదినుంచి దూరంగా జరిపి చక్రం తిప్పింది.

"ఇప్పుడు తిప్పినా ఏం కాదే" అంది వదిన. "సరిచేశాను."

"నీ పేజీని నువ్వు నమ్ముకో వదినా" అంది సూది, కోపంగా ఏమీ కాదు. "నా చేతికి నేనే కాపలా."

"నేను నిన్ను..." అని మొదలుపెట్టింది వదిన.

"కొట్టావా అని అడిగావు. చూశావా అని అడిగావు. ఎలా కొడుతున్నావో ఇవాళ్టిదాకా ఒక్కసారి పక్కన కూర్చుని చూడలేదు." సూది ఇంకో చీటీ తీసుకుంది. "సరేలే. హాస్టల్లో గది ఉందో పోయిందో సాయంత్రం కనుక్కోవాలి. తోడు రా."

"వస్తాను" అంది వదిన.

తెర అవతల సాన మావయ్య అరలో అద్దాలు లెక్కపెడుతూ తనలో తను సణుక్కుంటున్నాడు. ఒకటి ఎక్కువ, కాదు ఒకటి తక్కువ, కాదు. వదిన ఆ సణుగుడు కాసేపు వింది. తర్వాత తన కంప్యూటరు తెర వెనక చెయ్యి పెట్టి, వైరు పట్టుకుని మౌస్‌ను బయటికి లాగింది. చీర కొంగుతో దుమ్ము తుడిచింది. స్టాకు పేజీ తెరిచి, అందరూ చేసేలాగే, బాక్సు మీద ఒక నొక్కు నొక్కి, చూపుడు వేలితో చక్రాన్ని కిందికి తిప్పింది.

అరలోని అద్దాల సంఖ్య ఒకటి తగ్గింది.

ఇంకాస్త తిప్పింది. ఇంకొకటి తగ్గింది.

"మావయ్యా" అని పిలిచింది వదిన. "ఇక లెక్కపెట్టకండి. ఒకసారి ఇలా రండి."